బాణమునకు కర్త యెవరు?

నేను తెలుగు పండితుడను. ముప్పది యేండ్లకు పైగా పద్యములకు ప్రతిపదార్థము చెప్పి, కడపట ప్రధానోపాధ్యాయుడనై విరమించితిని. అట్టివానికి భౌతికశాస్త్రముతో పని యేమని మీకు తోచవచ్చును. ఒక పాఠశాలలో నా తరగతిని ఆనుకొనియే విజ్ఞానశాస్త్రపు తరగతి యుండెడిది. నడుమ తడికయే గోడ. నేను పద్యము చెప్పుచుండగా అటువైపునుండి బలములును తన్యతలును వచ్చి నా చెవిని బడుచుండెడివి. తడిక చాటున విన్నదే నాకు వచ్చిన భౌతికశాస్త్రము. అందులో చాలపాలు త్రాళ్లను గూర్చినది.

నూతిలో నీటిని విడిచి పైకి వచ్చి, గాలిలో వ్రేలాడుచున్న చేదను ఊహింపుడు. నీళ్లతో కూడ దాని ద్రవ్యరాశి 10 కిలోగ్రాములనుకొనుడు. నూతిని, గిలకను, త్రాడు పట్టిన చేతులను అన్నింటిని మనసులో తుడిచివేసి, కాగితముపై చేద నొక్కదానినే గీయుడు. భూమి దానిని సుమారు 98 న్యూటన్ల బలముతో క్రిందికి లాగుచున్నది, క్రిందికొక బాణము. త్రాడు మీదికి లాగుచున్నది, మీదికొక బాణము. చేద కదలక యున్నచో రెండు బాణములును సమానములు. త్రాటి యందలి ఆ లాగుడునకే తన్యత యని పేరు. ఇట్లు ఒక వస్తువును తక్కినవానినుండి విడదీసి, దానిపై పనిచేయు బలములను మాత్రమే చూపు చిత్రమును స్వేచ్ఛావస్తు పటమందురు.

చేద ఒకే వేగముతో పైకి వచ్చుచున్నప్పుడును తన్యత 98 న్యూటన్లే. పెద్దలు సైతము దీనిని సులభముగా నమ్మరు. వేగము పెరుగుచున్నప్పుడే మీది బాణము పెద్దదగును. అందుచేతనే పాతబడిన చేంతాడు నిలుకడగా తోడువారి చేతిలో కొన్నాళ్లు మన్ని, దుడుకుగా గుంజువారి చేతిలో పుటుక్కున తెగును.

మా శాస్త్రోపాధ్యాయులు ఒక నియమము పెట్టియుండిరి. ప్రతి బాణము ప్రక్కను, లాగుచున్నది యెవరు, నెట్టుచున్నది యెవరు అను ప్రశ్నకు జవాబు వ్రాయవలెను. జవాబు దొరకని బాణమును చెరిపివేయవలెను. తడికకు ఇవతల నేను చేయుచున్నదియు అదియే గదా! క్రియ కనబడగానే కర్త యెవరని అడుగుదుము. భూమి చేదను లాగుచున్నది అను వాక్యమున కర్మ చేద. కనుక ఆ బాణము చేద పటమున చేరును. చేద త్రాటిని లాగుచున్నది అను వాక్యమున కర్మ త్రాడు. ఆ బాణమునకు చేద పటమున చోటు లేదు.

1687లో లాటిన్ భాషలో వెలువడిన ప్రిన్సిపియా గ్రంథమున న్యూటన్ తన మూడవ నియమమును వివరించుచు, త్రాటితో రాతిని లాగు గుఱ్ఱమును ఉదాహరించెను. గుఱ్ఱము రాతివైపునకు అంతే బలముతో వెనుకకు లాగబడును. అట్లయినచో రాయి కదలుట యెట్లు? ఇచ్చటను కర్మలు వేరు. రాతి పటమున త్రాటి లాగుడు ముందుకును, నేల ఘర్షణ వెనుకకును ఉండును. మొదటిది మించినచో నిలిచిన రాయి కదలును. గుఱ్ఱమును వెనుకకు లాగు బాణము గుఱ్ఱపు పటమునకు చెందినది. అది రాతిని ఆపజాలదు.

ఒక వార్షికోత్సవమునాడు 4 మీటర్ల ఎడముగల రెండు గుంజలకు త్రాడు కట్టి, నడుమ 4 కిలోల పెట్రోమాక్స్ దీపమును వ్రేలాడదీసిరి. త్రాడు నడుమ ఒక మీటరు క్రుంగెను. చూచుటకు బాగుగా లేదు, బిగించి కట్టుడని ఒక పెద్దమనిషి ఆజ్ఞాపించెను. దీపము క్రిందనే బాలికలు కోలాటము వేయవలసియున్నది. శాస్త్రోపాధ్యాయులు వలదని, దీపము తగిలించిన ముడిని మాత్రమే ఇసుకలో గీసిరి. దీపము సుమారు 40 న్యూటన్లతో క్రిందికి లాగును. త్రాటి రెండు సగములును చెరి 20 న్యూటన్లు మీదికి లాగవలెను. మీటరు క్రుంగినప్పుడు ఒక్కొక్క సగమున తన్యత దాదాపు 45 న్యూటన్లు. బిగించి, క్రుంగును 20 సెంటీమీటర్లకు తగ్గించినచో త్రాడు చాలవరకు ప్రక్కకే లాగును. దాని బలములో పదియవ వంతు మాత్రమే మీదికి పనిచేయును. ఆ పదియవ వంతు 20 న్యూటన్లు కావలెనన్నచో తన్యత 200 న్యూటన్లు కావలెను. దీపము అదియే, త్రాడు అదియే! ఇక ఏమాత్రము క్రుంగకుండ బిగింపదలచినచో, లోకములోని ఏ త్రాడును అందుకు చాలదు.

పెద్దమనిషి చాలసేపు ఇసుకవైపు చూచెను. తరువాత గుంజలపై కట్లను మీటరు పైకి జరిపించిరి. త్రాడు క్రుంగియే యుండెను. దీపము మాత్రము తలలకు అందని యెత్తున వెలిగెను.

మీ ఊరిలో తాటిచెట్టు నెక్కు గీతకార్మికుని చూచియుందురు. నడుమునకును మ్రానునకును చుట్టిన మోకుపై వెనుకకు వాలి, పాదములను మ్రానుకు తన్నిపెట్టి నిలుచును. చెట్టును తుడిచివేసి ఆతని నొక్కనినే గీయుడు. భూమి క్రిందికి లాగును. మోకు ముఖ్యముగా మ్రానువైపునకు లాగును. మ్రాను పాదములను వెలుపలికి నెట్టును. ఆతని బరువును చాలవరకు మోయుచు మీదికి చూపు నాలుగవ బాణమునకు కర్త పాదములకును మ్రానుకును నడుమనున్న ఘర్షణ. వెనుకకు గట్టిగా వాలినకొలది మ్రాను నెట్టుడు పెరుగును. దానితోపాటు ఆ ఘర్షణ యెంతవరకు ఆదుకొనగలదో ఆ హద్దును పెరుగును. వానకు మ్రాను తడిసిననాడు ఆ హద్దు తగ్గును.