లోపాలున్నా చూడదగ్గ సినిమాలు

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాసివ్వమని వార్డెన్ గారు అడిగినప్పుడు మేమంతా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. క్రమశిక్షణ, సమయపాలన, గ్రంథాలయాల ఆవశ్యకత వంటి విషయాల మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేం మళ్లీ రాస్తే చదివేవాళ్లు ఉండరు. అందుకని మాకు బాగా తెలిసిన సంగతే రాద్దామని నిర్ణయించుకున్నాం. అదే సినిమా!

ఆదివారం మధ్యాహ్నం చికెన్‌తో భోజనం అయ్యాక టీవీ గదిలో సినిమా చూడటం మాకు అలవాటు. పూర్వ విద్యార్థి అన్నలు కొనిచ్చిన టీవీ అది. సినిమా అయిపోయాక రాత్రి స్టడీ అవర్ దాకా వాదన నడుస్తుంది. ఆ గొడవ భరించలేక ఒక అన్న 200 పేజీల నోట్‌బుక్ తెచ్చి పెట్టాడు. ఎడమ పేజీలో సినిమాలో నచ్చినవి, కుడి పేజీలో నచ్చనివి రాయాలి. ఈ ఏడాది ఆ పుస్తకం తిరగేస్తే ఒక సంగతి బయటపడింది. కుడి పేజీ ఖాళీగా ఉన్న సినిమా ఒక్కటీ లేదు. అయినా కొన్ని సినిమాల్ని మాత్రం మర్చిపోలేకపోతున్నాం. వాటిలో ఐదింటి గురించి ఇక్కడ చెబుతాం.

మొదటిది ‘పూర్ణ’. 2017లో వచ్చిన హిందీ సినిమా. రాహుల్ బోస్ దర్శకుడు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 సంవత్సరాల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో అప్పటికి అతి పిన్న వయస్కురాలు ఆమే. ఆమె చదివింది సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో. మొదటి శిక్షణ ఎక్కడ అనుకుంటున్నారు? బస్సులో వెళ్లేటప్పుడు మనం కిటికీలోంచి చూసే భువనగిరి గుట్ట మీద! ఆ గుట్ట తెర మీద కనబడగానే టీవీ గదిలో ఈలలు మోగాయి.

కుడి పేజీ చూద్దాం. మన పల్లెటూరి జనం హిందీలో మాట్లాడుతుంటే చెవికి ఇంపుగా లేదు. పూర్ణతో పాటు శిఖరం చేరిన మరో గురుకుల విద్యార్థి, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్‌కు సినిమాలో దక్కిన చోటు తక్కువ. పాఠశాల బాగుపడటానికి ఒక మంచి అధికారి వస్తే చాలు అన్నట్టు కూడా అనిపిస్తుంది. మంచి అధికారి బదిలీ అయిపోయాక ఏమవుతుందో హాస్టల్లో ఉన్న మాకు తెలుసు కదా!

అయినా ఎందుకు చూడమంటున్నాం అంటే, పూర్ణకు అక్క వరసయ్యే ప్రియ కోసం. ఆ అమ్మాయికి చిన్న వయసులోనే పెళ్లి చేసేస్తారు. తర్వాత ఏం జరిగిందో సినిమాలోనే చూడండి. ఒకే ఊళ్లో పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకరు కొండెక్కారు, ఒకరి చదువు ఆగింది. మా చెల్లెళ్ల చదువు గురించి ఇంటికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడినవాళ్లు ఆ రాత్రి మాలో ముగ్గురున్నారు.

రెండోది 2019లో వచ్చిన ‘మల్లేశం’. ఆరో తరగతితో బడి మానేసిన చింతకింది మల్లేశం, పోచంపల్లి చీరకు ఆసు పోసే తల్లి చేయి నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టిన కథ. ఒక్క చీరకు కొన్ని వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడించాలి. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. దర్శకుడు రాజ్ ఆర్., మల్లేశంగా వేసింది ప్రియదర్శి. సినిమా రెండో సగం నెమ్మదిగా నడుస్తుందనీ, యంత్రం పనితీరు ఇంకాస్త విడమరిచి చూపాల్సిందనీ మా పాలిటెక్నిక్ మిత్రులు రాశారు. నిజమే. కానీ తల్లిగా ఝాన్సీ గారు భుజం పట్టుకుని కూర్చునే తీరు చూశాక, పత్తి ఏరే అమ్మ, బీడీలు చుట్టే అమ్మ, ఇళ్లల్లో పాచిపని చేసే అమ్మ, ఎవరి అమ్మ వాళ్లకు గుర్తుకొచ్చింది.

మూడోది ‘కలర్ ఫోటో’. సందీప్ రాజ్ దర్శకత్వంలో 2020లో వచ్చింది. 2022లో ప్రకటించిన 68వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. మచిలీపట్నంలో పాలు పోస్తూ ఇంజనీరింగ్ చదివే నల్లని కుర్రవాడి ప్రేమకథ. సుహాస్ నటన గురించి ఎడమ పేజీ నిండిపోయింది. కుడి పేజీ కూడా తక్కువేం కాదు. నలుపు వివక్ష గురించి తీసిన సినిమాలో హీరోకు రంగు పూసి నల్లగా చూపించడమేమిటని ఒకరు అడిగారు. రంగు గురించి ఇంత మాట్లాడిన సినిమా కులం దగ్గరికొచ్చేసరికి నోరు విప్పలేదని ఇంకొకరు రాశారు. రెండూ సరైన ప్రశ్నలే.

అయితే ఈ సినిమా దగ్గర మేం ఒక తప్పు ఒప్పుకోవాలి. మా హాస్టల్లో ఒక తమ్ముడిని రంగును బట్టి పెట్టిన పేరుతోనే పిలిచేవాళ్లం. సరదాకే అనుకున్నాం. అతనూ నవ్వేవాడు. ఆ ఆదివారం అతను మాతోనే కూర్చుని సినిమా చూశాడు. హీరోని చూసి కాలేజీలో అందరూ నవ్వుతున్న చోట లేచి బయటికి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆ రాత్రి హాజరు పట్టీలో వెతికితే తప్ప అతని అసలు పేరు మాలో కొందరికి తెలియలేదు. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది? మర్నాడు టిఫిన్ దగ్గర అతన్ని పేరు పెట్టి పిలిచాం. అతను రెండుసార్లు పిలిచాక గానీ తిరిగి చూడలేదు. తన పేరు తనకే కొత్తగా వినిపించి ఉంటుంది. సినిమా లోపాలు రాసిన పేజీ కిందనే మా లోపమూ రాసుకున్నాం.

నాలుగోది 2021లో వచ్చిన ‘జై భీమ్’. తెలుగులోనూ ఉంది. దర్శకుడు టి.జె. జ్ఞానవేల్. పోలీసు కస్టడీలో మాయమైన గిరిజనుడి కోసం అతని భార్య చేసిన పోరాటం, ఆమె తరఫున నిలబడిన లాయరు కథ. తర్వాత మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయిన కె. చంద్రు గారు 1993లో వాదించిన నిజమైన కేసు దీనికి ఆధారం. కొట్టే సన్నివేశాలు మరీ ఎక్కువ, మాలో ఇద్దరు తల దించుకుని కూర్చున్నారు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్లతో చూడకండి. పోరాడింది ఆమె అయితే చప్పట్లు లాయరుకే ఎక్కువ పడ్డాయన్న విమర్శ కూడా ఉంది. కానీ హెబియస్ కార్పస్ అంటే ఏమిటో పాఠ్యపుస్తకం చదివి అర్థం కానివాళ్లకు ఈ సినిమాతో అర్థమైంది. చివర్లో చిన్నపాప కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపరు పట్టుకునే దృశ్యం కోసమైనా చూడండి. ‘లా’ చదువుతానంటూ ఒక తమ్ముడు అప్పుడే మొదలుపెట్టాడు!

చివరిది, మా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది ‘పరియేరుమ్ పెరుమాళ్’. మారి సెల్వరాజ్ మొదటి సినిమా. పా. రంజిత్ నిర్మాత. 2018లో తమిళంలో వచ్చింది. తిరునెల్వేలి లా కాలేజీలో చేరిన దళిత విద్యార్థి కథ. ఇందులో కథానాయిక ఆనంది మన వరంగల్ అమ్మాయే. తమిళం రాకపోయినా కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ చూశాం. అర్థం కానిచోట సీనియర్ అన్న ఆపి చెప్పాడు.

క్లాసులో లెక్చరరు ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోతుంటే హీరోకు ఒక్క ముక్క అర్థం కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాలో ఎవరికీ ఆ సన్నివేశం విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. తర్వాత కాలేజీకి తండ్రిని తీసుకురమ్మంటారు. అతని తండ్రి ఆడవేషం కట్టి ఆడే జానపద కళాకారుడు. ఆ సంగతి నలుగురికీ తెలియడం ఇష్టం లేక, వేరే ఎవరినో తండ్రిగా తీసుకెళ్లి నిలబెడతాడు.

అక్కడ టీవీ గది అంతా నిశ్శబ్దమైపోయింది. ఎందుకంటే ట్రంకు పెట్టె మోసుకుంటూ వచ్చిన నాన్నను చూసి ‘ఎవరు?’ అని స్నేహితులు అడిగితే, ‘మా ఊరాయన’ అని చెప్పినవాడు మాలో ఉన్నాడు. గేటు దగ్గరే మాట్లాడి, డబ్బులు తీసుకుని, టీ కూడా తాగించకుండా పంపించేసినవాళ్లమూ ఉన్నాం. సినిమాలో ఆ కొడుకు తరువాత అసలు తండ్రిని కాలేజీకి తీసుకొస్తాడు. అక్కడ ఆ తండ్రికి జరిగిన అవమానం చూశాక ఎవ్వరం మాట్లాడలేదు. నోట్‌బుక్ తెరవలేదు. మూడు రోజుల తర్వాత రాశాం.

దీనిలోనూ లోపాలున్నాయి. కథానాయిక అదే ఇంట్లో, అదే ఊళ్లో పెరిగి కులం సంగతి ఏమీ తెలియనట్టు ఉండటం నమ్మబుద్ధి కాలేదు. ఊరూరా తిరిగి హత్యలు చేసే ముసలివాడి పాత్ర వేరే సినిమాలోంచి వచ్చినట్టుంది. అయినా ఆఖరి దృశ్యంలో బల్ల మీద పక్కపక్కన ఉన్న రెండు టీ గ్లాసులు మా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

తర్వాత జరిగింది చెప్పి ముగిస్తాం. దసరా సెలవులకు తీసుకెళ్లడానికి, నాన్నను ‘మా ఊరాయన’ అన్న ఆ మిత్రుడి తండ్రి వచ్చాడు. ఎప్పటిలాగే గేటు దగ్గర నిలబడ్డాడు. మిత్రుడు వెళ్లి సంచి అందుకుని, చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. మెస్సులో తన కంచం కడిగి అన్నం పెట్టించాడు. మా అందరివైపూ తిరిగి, “ఈయన మా నాయన, చెప్పులు కుడ్తడు” అన్నాడు. ఆయన బిత్తరపోయి, “అందరూ చదువుకునే పిల్లలాయె, నేనెందుకు బిడ్డా ఈడ” అంటూనే తిన్నాడు. వంట అన్న అడక్కుండానే రెండోసారి కూర వేశాడు.

సినిమా అంతా బాగుంటేనే చూస్తామని పట్టుబడితే మాకు ఈ రోజు దక్కేది కాదు. లోపం ఉన్న చోట లోపం అందాం. ఆ ఒక్క లోపం కోసం మంచిని పారేసుకోవద్దు. ఒకరినొకరం కూడా ఇలాగే చూసుకుంటే మన హాస్టల్ ఇంకా బాగుంటుంది.

అన్నలారా, వార్షికోత్సవానికి వచ్చినప్పుడు టీవీ గదిలో ఆ నోట్‌బుక్ అడిగి చూడండి. మీరు చూసిన మంచి సినిమా పేరు ఒక్కటి రాసి వెళ్లండి. కుడి పేజీ నింపడం మాత్రం మర్చిపోకండి!