తార్నాక నుంచి నాన్నకు

మల్కాజ్‌గిరి, సోమవారం రాత్రి

నాన్నా,
క్షేమంగా చేరాను. కాజీపేట దాటాకే సీటు దొరికింది. మౌలాలి గుట్ట కనబడగానే సంచి సర్దుకున్నాను. అత్తమ్మ పచ్చిపులుసు చేసి ఎదురుచూస్తోంది. రేపటి నుంచి డ్రోన్ సర్వే పాఠాలకు తార్నాక బస్సు.

ఓయూ క్యాంపస్, బుధవారం

నాన్నా,
డ్రోన్ దానంతటదే కొలుస్తుందనుకున్నాను. కాదు, అది ఫొటోలు తీస్తుంది. ఒక్కో ఫొటో పక్కదానితో నూటికి 70, 80 వంతులు కలవాలి. ఒకే రాయి నాలుగైదు ఫొటోల్లో వేర్వేరు వైపుల నుంచి పడితేనే కంప్యూటర్ దాని ఎత్తు లెక్కగడుతుంది. దానికి ముందే ఒక మనిషి నడిచివెళ్లి, నేలమీద నలుపు తెలుపు గళ్ల గుర్తులు పరిచి, వాటి లెవెల్ తీసి రావాలి. గుర్తు ఒక్క జాన అటూ ఇటూ అయినా ఓబీ డంపు, అదే బొగ్గు మీది నుంచి తీసి పోసిన మట్టి, లెక్క చెడుతుంది. సారు ఆ మాట చెప్తుంటే నాకు నువ్వే కనబడ్డావు, భుజాన లెవెల్ కొలిచే స్టాఫ్, మెడమీద కమిలిన చర్మం.

అయినా డ్రోన్ రావాల్సిందే నాన్నా. వదులు మట్టి డంపు అంచు మీద ఇక ఎవరూ నిలబడక్కర్లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. 2021 నవంబరు నుంచి పెద్ద సున్నపురాయి, ఇనుప ఖనిజం గనులు ఏటా డ్రోన్ చిత్రాలు ఇవ్వాలి, హద్దు బయట 100 మీటర్ల దాకా. ఏడాదికి కనీసం 10 లక్షల టన్నులు తవ్వేవాళ్లకూ, కనీసం 50 హెక్టార్లు ఉన్నవాళ్లకూ ఈ నియమం. బొగ్గు ఇందులోకి రాదు.

మల్కాజ్‌గిరి, శుక్రవారం

నాన్నా,
సాయంత్రం ఎన్‌జీఆర్‌ఐ గేటు ముందు నుంచి నడిచాను. 1961లో పెట్టిన భూభౌతిక పరిశోధన సంస్థ. హెలికాప్టర్‌కు పరికరం వేలాడదీసి భూమి లోపలి నీటి జాడ వెతికినవాళ్లు. ఇప్పుడు డ్రోన్‌కూ మాగ్నెటోమీటర్ కడుతున్నారట. మోటార్ల అయస్కాంతం అడ్డురాకుండా పొడుగాటి తాడుతో కిందికి దించుతారు. మన ఇల్లందు దగ్గర బొగ్గుందని భూగర్భ శాస్త్రవేత్త కింగ్ దొర 1871లో చెప్పింది కాళ్లరిగేలా తిరిగి. ఇప్పటికీ బోరు వేయందే బొగ్గు మందం తేలదు.

ఒక పని చెప్తాను, మరిచిపోకు. డ్రోన్‌కు డంపు పైభాగమే కనబడుతుంది. మట్టి పోయకముందు ఆ నేల ఎంత ఎత్తులో ఉందో తెలియకపోతే ఎంత పోశారో తేలదు. ఆ లెవెళ్లు నువ్వు స్టాఫ్ పట్టి చదివించినవే. అటక మీది నీ పాత నోటుబుక్కులు అమ్మ పొయ్యిలో పెట్టేలోగా కిందికి దించు. ఆదివారం వస్తున్నాను, కూర్చుని చూద్దాం.

నీ బిడ్డ