ఆడపాము, కాంటా

మా ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో పాము కనిపిస్తే కర్ర వెతుకుతారు. అమెరికాలో బాల్ పైథాన్ అనే కొండచిలువలు పెంచేవాళ్లు కాంటా వెతుకుతారు! ఆడది జతకు సిద్ధమా అంటే వయసొక్కటే చూడరు. మూడేళ్లు వచ్చినా సుమారు 1,500 గ్రాములు తూగాలంటారు. గుడ్డసంచిలో వేసి తూచి, సంచి బరువు తీసేస్తారు. వెన్నెముక పొడుచుకొచ్చి కనిపిస్తే ఆ ఏడాదికి వద్దు. గుడ్లు కడుపులో ఉండగానే మేత మానేస్తుంది మరి. పెట్టాక వాటితోనే వదిలేస్తే రెండు నెలలు చుట్టుకుని పడుకుంటుంది. ఒంట్లో కొవ్వు లేకుంటే దేనిమీద బతుకుతుంది? అండాలు ఎదిగాయో లేదో అల్ట్రాసౌండ్‌లో చూసేవాళ్లూ ఉన్నారు. పిల్లల రేటు చూసుకుని బక్కదానికి తొందరపడి జత కట్టించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

ఇది చదివి పొలంలో జెర్రిపోతును పట్టుకురాకండి సామీ, 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు. బాల్ పైథాన్‌కైనా మన కేంద్ర ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు తప్పదు.