తొలి ఓడప్రయాణము

2022వ సంవత్సరమున మేము విశాఖపట్టణమునుండి చెన్నపట్టణమునకు విహారనౌకలో వెళ్లితిమి. తొలిసారి వెళ్లనున్న సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలెనని తోచినది.

ఓడ నడుమ, క్రింది అంతస్తున నున్న గదిలో ఊపు తక్కువ. పెద్దపెట్టెలు గదికి ఆలస్యముగా చేరును గనుక మందులు చేతిసంచిలోనే యుండవలెను. వికారమునకు అల్లపుముక్క మాకు మిక్కిలి ఉపకరించినది.

ఇవి చిన్నవిషయములు. ఏడు పొట్టికూతలును ఒక దీర్ఘపుకూతయు వినబడినచో ఎచ్చట చేరవలెనో ఓడవారు మొదటనే అందఱకు నేర్పుదురు. “పెట్టెలు సర్దుకొందుము, మీరు పోయి రండు” అని మనవారు కొందఱు మగవారిని పంపుట చూచి మాకు విచారము కలిగినది. 2012 జనవరి 13వ తేదీన ఇటలీ తీరమున కోస్టా కాంకోర్డియా యను విహారనౌక రాతికి తగిలి ఒరిగిపోగా 32 మంది మరణించిరి. ఆ సాయంకాలమే ఎక్కిన అనేకులకు ఈ శిక్షణ యింకను జరుగనే లేదు! ఓడ కదలుటకు ముందుగాని కదలిన వెంటనేగాని దీనిని జరుపవలెనను అంతర్జాతీయ నియమము 2015 నుండి అమలులో నున్నది.

కుచ్చెళ్లు ఎగదోపి, పైట నడుమునకు చుట్టి, పైన రక్షణకోటు తొడిగి, పట్టీలు స్వయముగా బిగించి చూచుకొనుడు. పసిపిల్లల కోట్లు వేరుగా నుండును. గదిలో లేకున్నచో ఆ పూటనే అడిగి తెప్పించుకొనుడు.