కల్లారు దాటిన కారు

నీలగిరికి పోవడానికి మా కోయంబత్తూరు వారికి ముహూర్తంతో పని లేదు. తెల్లవారుజామున లేచి, పులిహోర పొట్లం కట్టుకొని, మేట్టుపాళయం రోడ్డు పట్టుకుంటే ఎండ ముదరక ముందే కూనూరులో కాఫీ తాగవచ్చు. 2024 మే నెల నుంచి కొండకు పోయే బండ్లకు ఈ-పాసు అనే నియమం ఒకటి వచ్చింది గాని, అది పెద్ద ఇబ్బంది కాదు. మా ఇంట ఇబ్బంది అంతా మా బావగారి కారుతోనే.

ఆ కారు ఎం.జి. టి.సి. అనే రకం. ఇంగ్లండులో అబింగ్డన్ అనే ఊళ్ళో 1945 నుంచి 1949 వరకు తయారైన పందెపు జాతి బండి. ఇద్దరికే చోటు. పొడుగాటి మూతి, తీగె చక్రాలు, వెనుక వీపున పలకలాగ నిలబెట్టిన పెట్రోలు ట్యాంకు. 1250 సి.సి. ఇంజను, 54 గుర్రాల బలం. ఈనాటి చిన్న కారుకు కూడా అంతకంటె ఎక్కువ ఉంటుంది నిజమే. కాని మలుపులో దీని నడక చూచినవారు ఆ లెక్క అడగరు. బావగారి తాతగారు దీన్ని 1958లో కూనూరు తేయాకు తోటదొర ఒకరు దేశం విడిచిపోతూ అమ్మితే కొన్నారు. అత్తయ్యగారు, అంటే బావగారి తల్లి, 1966లో కాపురానికి వచ్చిన కొత్తలో ఊటీ చూచింది ఈ కారులోనే. ఆమెకు ఇప్పుడు ఎనభై ఏళ్ళు. మామయ్యగారు పోయి ఆరేళ్ళయింది.

అటువంటి కారు కొండ ఎక్కడం మానేసింది. మేట్టుపాళయం వరకు గుర్రంలాగ పరుగెత్తుతుంది. కల్లారు వంతెన దాటి, పోకతోటలు వెనుకబడి, ఘాటు మొదలై మూడో మలుపు వచ్చేసరికి దగ్గుతుంది, మూలుగుతుంది, ఆగుతుంది. ఇరవై నిమిషాలు ఊరుకుంటే మళ్ళీ లేస్తుంది. రెండు మలుపులు పోయి మళ్ళీ అదే తంతు. ఊళ్ళోని ఒక వర్క్‌షాపు వారు కార్బురేటర్లు మూడుసార్లు విప్పి కడిగారు, మూడుసార్లు బిల్లు వేశారు. చివరకు, "వేడికి పెట్రోలు ఆవిరైపోతున్నది, దీనికి మందు లేదు; ఈ పాత కార్బురేటర్లు తీసేసి కొత్తరకం పెట్టించండి" అన్నారు. ఇంతలో ముంబయి నుంచి ఒక వర్తకుడు కారు కొంటానని ఫోను మీద ఫోను. "ఉగాదిలోగా కొండ ఎక్కితే ఉంచుకుంటాను, లేకుంటే ఇచ్చేస్తాను" అన్నారు బావగారు. అత్తయ్యగారు అడ్డు చెప్పలేదు. "ఊటీ దాకా పోయేటట్టయితే నన్నొకసారి కూర్చోబెట్టరా" అని మాత్రం అన్నారు.

నేను మిల్లు ఆఫీసులో గుమాస్తాను. చదువు పదో తరగతితో సరి. మోటారు విద్య రాదు గాని, కంటబడినది పుస్తకంలో ఎక్కించడం మా వృత్తి. కారు ఆగిన ప్రతిసారీ తేదీ, వేళ, స్థలం నా నోటుపుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకమే చివరకు పనికి వచ్చింది. పీళమేడులో ఒక పెద్దాయన ఉన్నారు. మనవారే, ఇంట్లో తెలుగు, షెడ్డులో తమిళం. డెబ్బై దాటినా చెవి చురుకు. ఆయన నా పుస్తకం తిప్పి, ఒక వరుస మీద వేలు పెట్టారు. "ఇదేమి నైనా? డిసెంబరులో ఆరున్నరకే ఆగిందా?"

"అవును మామా. మంచు కూడా ఉంది."

"మంచులో పెట్రోలు ఎందుకు మరుగుతుంది?"

వర్క్‌షాపు వారి మాట అక్కడే సగం పడిపోయింది. మే నెల మధ్యాహ్నమూ ఆగింది, డిసెంబరు తెల్లవారినా ఆగింది. అయితే వేడి ఒక్కటే దోషి కాదు.

ఇక్కడ కారులో పెట్రోలు నడిచే దారి కొంచెం చెప్పాలి. ట్యాంకు వెనుక, తాగే ఇంజను ముందు. మధ్య బండి కింద పొడుగునా సన్నని గొట్టం. ఈ రకం బండిలో పెట్రోలును లాగే విద్యుత్తు పంపు ఇంజను వెనుక గోడకు బిగించి ఉంటుంది. అంటే అంత దూరం నుంచి అది పీల్చుకోవాలి. అక్కడి నుంచి రెండు కార్బురేటర్ల పక్కనున్న ఫ్లోటు గిన్నెలకు తోస్తుంది. గిన్నె నిండగానే ఫ్లోటు తేలి సూదితో దారి మూస్తుంది, పంపు ఊరుకుంటుంది. పంపూ కార్బురేటర్లూ రెండూ ఎస్.యు. వారివే. ఎస్.యు. అంటే స్కిన్నర్ యూనియన్. ఆ స్కిన్నరు అన్నదమ్ములది చెప్పుల వ్యాపారపు కుటుంబం. మొదటి కార్బురేటరులో వారు తోలుతిత్తి పెట్టారంటే, చేతిలో ఉన్న సరుకే బుద్ధికి తోస్తుంది కాబోలు!

పెద్దాయన బోనెట్టు ఎత్తి ఒక్క మరకూడా తిప్పలేదు. ఇంజను కదలనీయకుండా తాళంచెవి మాత్రం తిప్పించారు. పంపు టకటకటక అని కొట్టి, నిదానించి, ఆగింది. గిన్నెలు నిండాయన్నమాట. ఆరోగ్యంగా ఉంటే ఇక నోరు మెదపకూడదు. ఇది మాత్రం ఉండి ఉండి మళ్ళీ "టక్" అంటున్నది. చుక్క కారడం లేదు, ఇంజను తాగడం లేదు. మరి ఎందుకు కొట్టుకుంటున్నది?

"ఈ పంపు అబద్ధం చెప్పదు" అన్నారాయన. "ఆపకుండా గబగబ కొడితే గాలినో ఆవిరినో మింగుతున్నది. ఈడ్చి ఈడ్చి కొట్టి వేడెక్కితే ఎక్కడో అడ్డు. అసలు కొట్టకపోతే కరెంటు లేదు, లేదా లోపలి పాయింట్లు కాలినవి."

తరువాత ఇంజను చల్లగా ఉన్నప్పుడు, దగ్గర నిప్పూ బీడీ లేకుండా చూచుకొని, ఫ్లోటు గిన్నెకు పోయే గొట్టం విప్పి సీసాలోకి పెట్టారు. నిమిషానికి అర లీటరు దాటి రావలసిన పంపు పావు లీటరు కూడా ఇవ్వలేదు. మైదానంలో ఆ మాత్రం చాలు. ఘాటులో రెండో గేరులో మోస్తూ పోయేటప్పుడు ఇంజను రెట్టింపు అడుగుతుంది. మా నెలజీతాల సంగతీ అంతేగదా, పెళ్ళిళ్ళు పడినప్పుడే లోటు బయటపడుతుంది. కల్లారు దాకా మామూలుగా నడిచి కల్లారులో ఆగడం వెనుక ఉన్న రహస్యమల్లా ఇదే.

గొట్టం కొసను సీసాలోని పెట్రోలులో ముంచితే బుడగలు వచ్చాయి. పీల్చే వైపు ఎక్కడో గాలి చొరబడుతున్నది. కింది లోహపు గొట్టానికీ పంపుకూ మధ్య ఒక జానెడు రబ్బరు గొట్టం ఉంది. బయటకు కొత్తదిలాగే నిగనిగలాడుతున్నది. కోసి చూస్తే లోపలి పొర ఉబ్బి, మెత్తబడి, పొరలు పొరలుగా విడిపోయి ఉంది. తోసే వైపు చిల్లు పడితే పెట్రోలు కారి తెలిసిపోతుంది. పీల్చే వైపు చిల్లు పడితే కారదు, గాలిని పీలుస్తుంది, అంతే. అందుకే ఎవరి కంటా పడలేదు.

రబ్బరు అలా కావడానికి కారణం ఈనాటి పెట్రోలు. చెరకుమడ్డి నుంచీ ధాన్యం నుంచీ తీసిన ఇథనాలు పెట్రోలులో కలుపుతున్నారు. 2025 నాటికి మన దేశంలో ఆ పాలు నూటికి ఇరవైకి చేరింది. చెరకు రైతుకు మేలు, విదేశీ చమురు ఖర్చు తగ్గింపు, అన్నీ నిజమే. కాని అది పాతకాలపు రబ్బరును తింటుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో పేరుకున్న తుప్పునూ జిగురునూ కరిగించి ముందుకు తెస్తుంది. "సారా తాగిన పెట్రోలు నైనా ఇది, ఊరకుంటుందా" అంటారు పెద్దాయన. పంపు అడుగున మర విప్పితే జల్లెడ నిండా నశ్యం రంగు పొడి. అదే అడ్డు. లాగినంతసేపు పొడి జల్లెడను మూస్తుంది, ఆగితే కిందికి జారుతుంది, బండి లేస్తుంది. చల్లారి లేచిందని అందరూ అనుకున్నది ఇందుకే.

ట్యాంకు దించి, లోపల గొలుసు వేసి ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకొని ఊపారు. తిరగలి రాతిలాగ గరగర. రెండు రోజులు కడిగారు. మూతకున్న గాలిచిల్లు కూడా పూడి ఉంది. నూనెడబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె రాదని, రెండోది పెట్టాలని మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ట్యాంకుకూ అదే న్యాయం. ఇథనాలుకు తట్టుకొనే రబ్బరు గొట్టం వేశారు. మళ్ళీ సీసా పెడితే నిమిషానికి అర లీటరు దాటింది, బుడగ లేదు. కార్బురేటర్ల జోలికి పోయింది ఒక్క విషయంలోనే. ఇథనాలు కలిసిన పెట్రోలు అదే గాలికి కొంచెం ఎక్కువ పాలు కావాలంటుంది. కంప్యూటరున్న కారు తానే సర్దుకుంటుంది. దీనికి మనమే జెట్టును కాస్త కిందికి దించాలి.

మార్చి నెలలో ఒక ఆదివారం బయలుదేరాము. ఎం.జి.లో బావగారు, పక్కన పెద్దాయన. వెనుక మా చిన్నాయన కొడుకు కారులో నేను, అత్తయ్యగారు, పులిహోర. అవినాశి రోడ్డు మీద జి.డి. నాయుడుగారి కార్ల మ్యూజియం దాటాము. 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన మహానుభావుడాయన. 2015లో తెరిచిన ఆ మ్యూజియంలో కార్లు అద్దంలాగ మెరుస్తుంటాయి. అత్తయ్యగారు అటు చూచి, "వాటికి ఘాటు ఎక్కే పని లేదుగా" అన్నారు.

కల్లారులో ఎవరమూ మాట్లాడలేదు. మూడో మలుపు వచ్చింది, పోయింది. నాలుగు, ఐదు. పక్క లోయలో పళ్ళపట్టాల రైలు పొగ లేచింది. 1899లోనే ఈ రైలు కూనూరు చేరింది. ఇప్పటికీ ఆవిరి ఇంజను వెనుక నుంచి తోస్తుంటే, హిల్‌గ్రోవ్‌లో నీళ్ళు తాగుతూ ఎక్కుతుంది. రైలుకు మరగడమే పని, మా కారుకు మరగడమే రోగం.

ఆ రోగం కూడా చూడవలసి వచ్చింది. బర్లియారులో పనసతొనలు కొనుక్కొని బయలుదేరిన కొద్దిసేపటికి ముందు ఒక లారీ మలుపులో చిక్కుకొని దారి మూసింది. నలభై నిమిషాలు, కదిలితే పదడుగులు. కింద ఎక్జాస్టు ఎర్రగా కాగుతుంటే దానిమీదనే కార్బురేటర్లు, పొయ్యి మీద పాలగిన్నెల్లాగ. కారు ఆగింది. బావగారి ముఖం వాడిపోయింది. పెద్దాయన మాత్రం చెవి పెట్టి నవ్వారు. పంపు టకటకటక అని తెంపు లేకుండా కొడుతున్నది. "ఇప్పుడిది నిజంగా ఆవిరే. మొన్నటిది కాదు" అన్నారు. పంపు పీల్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఒత్తిడీ తగ్గుతుంది. రెండూ కలిస్తే పెట్రోలు తక్కువ వేడికే మరిగి ఆవిరవుతుంది, ఆవిరిని పంపు తోయలేదు. బోనెట్టు రెండు వైపులా ఎత్తి, తడిగుడ్డ పంపు మీదా గొట్టం మీదా చుట్టారు. వేడి ఎక్జాస్టు దగ్గర మాత్రం ఎవరినీ ఏ మరా విప్పనీయలేదు. పన్నెండు నిమిషాలకు (పుస్తకంలో ఉంది) పంపు నిదానించి, ఆగి, నోరు మూసుకుంది. తాళం తిప్పగానే ఇంజను లేచింది.

కూనూరులో కాఫీ అయ్యాక పెద్దాయన ఒక బేకరీ నుంచి పాత బిస్కెట్టు డబ్బా అడిగి తెచ్చారు. దాని రేకును కత్తిరించి ఎక్జాస్టుకూ ఫ్లోటు గిన్నెలకూ మధ్య అడ్డుగా బిగించారు. అక్కడ మనుషులు మారారు. పెద్దాయన మా కారులోకి వచ్చారు, అత్తయ్యగారు ఎం.జి.లో కూర్చున్నారు. కూర్చోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. బండి అంత కిందికి ఉంటుంది. కొంగు తలమీదుగా తీసి బిగించి కట్టుకున్నారు. వెల్లింగ్టన్, అరువంకాడు దాటి కేత్తి లోయ పక్కన పోతుంటే, వెనుక నుంచి మాకు ఆ కొంగు ఒక్కటే కనిపించింది. బండి ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఊటీలో, 2240 మీటర్ల ఎత్తున, గాలి పలచన. నిలబడి ఉంటే ఇంజను కాస్త నల్లపొగ కక్కుతున్నది. పెద్దాయన జెట్టు కింది నట్టును ఒక్క పలక పైకి తిప్పారు, పొగ తగ్గింది. దిగేటప్పుడు మళ్ళీ యథాస్థానానికి తేవాలని నన్ను రాసుకోమన్నారు. రాసుకున్నాను. ముంబయి ఫోను అక్కడ కూడా మోగింది. బావగారు చూచి, మోగనిచ్చి, జేబులో పెట్టుకున్నారు. తరువాత నా నోటుపుస్తకం అడిగి, కొనవలసిన సరుకుల జాబితా రాయించారు. ఇథనాలుకు ఆగే రబ్బరు గొట్టం ఒక మీటరు, పంపు జల్లెడ ఒకటి, డయాఫ్రం ఒకటి, ఎక్జాస్టు మీదికి సరైన అల్యూమినియం రేకు. అత్తయ్యగారు వంగి చూచి, కింద ఇంకొకటి వేయమన్నారు. ఎడమ సీటుకు కొత్త దూది.