బార్కసులో వేణ్ణీళ్ళు

చార్మినారు నుంచి దక్షిణంగా చాంద్రాయణగుట్ట దాటి వెళ్ళినవారికి బార్కసు వచ్చిందని ఎవరూ చెప్పనక్కరలేదు. లుంగీలే చెబుతాయి. గళ్ళ లుంగీలు కట్టి, భుజాన తువ్వాళ్ళు వేసుకుని అంగళ్ళ ముందు కూర్చున్న పెద్దలను చూస్తే, మన ఊళ్ళోనే ఉన్నామా, ఓడ ఎక్కి ఏ అరబ్బు రేవులోనైనా దిగామా అని అనుమానం వస్తుంది. యెమెనులోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాముల కొలువులో చేరిన అరబ్బు సిపాయిల బ్యారక్సు ఇక్కడ ఉండేవి. ఆ ఇంగ్లీషు మాటే జనం నోట నలిగి నలిగి బార్కసు అయింది. 1948లో పోలీసు చర్యతో ఆ కొలువు పోయింది. చాలామంది సముద్రం దాటి వెళ్ళిపోయారు; ఉండిపోయినవారి పిల్లలూ మనుమలూ ఇక్కడివారే అయిపోయారు.

ఇక్కడి జామకాయల గురించీ, మండీ గురించీ, వేకువనే అమ్మే గహ్వా గురించీ రాయవలసింది చాలా ఉంది గాని, నేను వెళ్ళింది వేణ్ణీళ్ళ పని మీద.

మా కళాశాలలో ఉర్దూ చెప్పే మిత్రుడి ఇల్లు అక్కడ. ఆయన తండ్రిగారికి ఎనభై దాటాయి. తెల్లవారుజామున నమాజుకు ముందు వజూ చేసుకోవాలి; డిసెంబరులో ఆ వేళ కొళాయి నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. మేడమీద ఎండతో నీళ్ళు కాచే సోలారు హీటరు ఉంది. వంటింటి కొళాయిలో చెయ్యి పెట్టలేనంత వేడి. పెరటివైపు కొత్తగా కట్టిన పెద్దాయన స్నానాలగదిలో మాత్రం కొళాయి తిప్పితే నాలుగు చుక్కలు, ఒక దగ్గు, అంతే.

పది రోజులు ఓర్చుకుని, పెద్దాయన ఒక వేకువను పాత రాగి హమామును ఆ గదిలోకి చేర్పించుకుని, బొగ్గులు రాజేసి తలుపు వేసుకున్నారు. (హమాము అన్నది అరబ్బీలో వేడిమిని తెలిపే ధాతువు నుంచి పుట్టిన మాట. మనకూ కాగుట ఉంది, నీళ్ళు కాచే కాగూ ఉంది. తెలుగు పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది!) మధ్య గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు, పూర్వం అది పెరట్లో ఆరుబయట ఉండేది కనుక భయం లేకపోయింది. మూసిన గదిలో బొగ్గు కాలితే పుట్టే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. కోడలు అనుమానించి తలుపు తట్టేసరికి పెద్దాయన కళ్ళు తిరిగి గోడకు ఆనుకుని కూర్చుండిపోయారట.

సంగతి విని ఆదివారం చూడబోయాను. పెద్దాయన కులాసాగానే ఉన్నారు. "నన్ను కాదు మాస్టర్ సాబ్, ఆ కొళాయిని చూడండి" అన్నారు.

నేను చూసి, బోరునీళ్ళ సున్నం గొట్టంలో పేరుకుందని తేల్చేశాను. అంతకుముందు వచ్చిన పనివాడొకడు కొళాయి మార్చి డబ్బు పుచ్చుకుపోయాడు. మా ఇద్దరి విద్యా ఒకటే అన్నమాట.

అప్పుడు మిత్రుడు వీధి చివరి చాచాను పిలుచుకొచ్చాడు. గల్ఫులో ఇరవై ఏళ్ళు గొట్టాలపని చేసి వచ్చిన మనిషి. ఆయన పానా తియ్యలేదు. ముందు ఆ గదిలోనే చన్నీళ్ళ కొళాయి తిప్పాడు. ధారగా వచ్చింది. వంటింటి వేణ్ణీళ్ళ కొళాయి తిప్పాడు. అదీ ధారే. "ట్యాంకుకు రోగం లేదు, దారికే ఉంది. ఎప్పటినుంచి?" అన్నాడు.

"ట్యాంకు కడిగించిన మర్నాటినుంచి" అని లోపలినుంచి కోడలు చెప్పింది.

చాచా నవ్వుతూ మేడ ఎక్కాడు. వెనకాల మేమూ ఎక్కాము. గొట్టం ట్యాంకు దగ్గర బయలుదేరి, పిట్టగోడ మీదికి ఎగబాకి, ఒంటె మూపులా వంగి అవతలికి దిగింది.

"సున్నమైతే ధార నెలనెలా సన్నబడుతుంది మాస్టర్ సాబ్, ఒక్కనాటితో ఆగిపోదు. ఇది గాలి."

ట్యాంకు ఖాళీ అయినప్పుడు గొట్టంలో గాలి దూరింది. మళ్ళీ నింపితే అది మూపులో చిక్కుకుంది. నీళ్ళు వేడెక్కినకొద్దీ అందులో కరిగి ఉన్న గాలి కూడా బుడగలై అక్కడికే చేరుతుంది. చన్నీళ్ళ ట్యాంకులో నీటిమట్టం ఆ మూపు కంటే రెండడుగులే ఎత్తు. ఆ ఒత్తిడికి గాలి కదలదు.

బోస్టనులో ఉన్న మా తమ్ముడు జ్ఞాపకం వచ్చాడు. వాళ్ళింట్లో గోడల అడుగున వేణ్ణీళ్ళ గొట్టాలు పారించి గదులు వెచ్చబెడతారు. ఒక చలికాలం అన్ని గదులూ వెచ్చగా ఉండి పిల్లల గది మాత్రం చల్లగా ఉండిపోయిందట. అక్కడా ఈ గాలే. చిన్న మర వదులుచేసి గాలి పోనిస్తే గది వెచ్చబడిందని ఫోనులో చెప్పాడు. అప్పుడు నాకు ఒక్క ముక్కా బోధపడలేదు.

చాచా చేతికి గుడ్డ చుట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, మూపు మీది జాయింటు కొద్దిగా వదులు చేశాడు. తాచు బుసకొట్టినట్టు గాలి, తరువాత తుంపర, ఆ తరువాత నీళ్ళు. బిగించేశాడు. కింద పెద్దాయన కేక వినిపించింది.

మళ్ళీ ఎప్పుడు ట్యాంకు ఎండినా ఇదే గొడవ కనుక, సాయంత్రం వచ్చి ఆ మూపు మీద సన్నని ఇనుప గొట్టం ఒకటి నిలువుగా బిగించి వెళ్ళాడు. దాని నోరు తెరిచే ఉంటుంది. అయితే చన్నీళ్ళ ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తుగా ఉండాలి, పొట్టిదైతే నీళ్ళన్నీ అందులోంచే పోతాయి. గొట్టం ఖరీదు తప్ప పైసా పుచ్చుకోలేదు.

హమామును కోడలు పెరట్లో జామచెట్టు కిందికి చేర్పించింది. అమ్మడానికి పెద్దాయన ఒప్పుకోలేదు.

మర్నాడు ఇంకా చీకటుండగానే ఫోను మోగింది. నా గుండె గుభేలుమంది. పెద్దాయనే!

"మాస్టర్ సాబ్, నీళ్ళు మరీ కాలిపోతున్నాయి. చన్నీళ్ళు కలుపుకోవలసి వచ్చింది. ఆ చాచాతో చెప్పండి."