లాల్‌బాగ్‌లో ఒక దిద్దుబాటు

గత ఫిబ్రవరిలో ఒక నికాహ్ నిమిత్తం బెంగుళూరు వెళ్ళినప్పుడు, ఫజ్ర్ నమాజు అనంతరం మనవణ్ణి వెంటబెట్టుకొని లాల్‌బాగ్ చూడబోయాను. 1760లో హైదర్ అలీ వేయించిన తోట అది. టిప్పు సుల్తాన్ దూరదేశాల నుండి మొక్కలు తెప్పించి దానిని విస్తరింపజేశాడు. బంధువులు నలుగురూ వింటుండగా నేను ఈ చరిత్ర చెబుతూ ఉంటే, మర్రికొమ్మల్లోంచి ‘కుట్రూ... కుట్రూ...’ అని ఎడతెగని కూత వినవచ్చింది.

“మదనపల్లెలో మన మామిడితోటలో కూసే పిట్టే” అన్నాను.

“కాదు నానా, ఇది వేరే” అన్నాడు వాడు.

పెద్దల మాటకు అడ్డు రావద్దని అందరి ముందే మందలించాను. సీన్‌కూ సాద్‌కూ తేడా పలకలేదని ప్రతిదినం పిల్లలను నిలబెట్టేవాణ్ణి. నా చెవి మీద నాకంత నమ్మకం!

ఇంతలో ఆ పిట్ట పండ్ల కోసం కింది కొమ్మకు దిగింది. ఆకుపచ్చని ఒళ్ళు, చారల గోధుమరంగు తల, లావు ముక్కు. అన్నీ మన పిట్టవే. కానీ కంటికి పైనా కిందా తెల్లని పట్టీలున్నాయి. మన పిట్టకు అవి లేవు. దాని కంటిచుట్టూ ఈకలు లేని పసుపుచర్మం ముక్కు దాకా సాగి ఉంటుంది.

తరువాత పక్షుల పుస్తకం తిరగేశాను. రెండూ బార్బెట్లే, మన కంసాలి పిట్టకు దాయాదులు. లాల్‌బాగ్‌లోనిది తెల్ల చెక్కిలి బార్బెట్, పొడవు సుమారు 23 సెంటీమీటర్లు. పడమటి కనుమలు, వాటిని ఆనుకొన్న కొండసీమలు, కాఫీతోటల నీడ దానికి ఇష్టం. మనది గోధుమ తల బార్బెట్, సుమారు 27 సెంటీమీటర్లు. హిమాలయ పాదాల నుండి శ్రీలంక వరకు విస్తరించి, పొడి అడవులలోనూ బ్రతుకుతుంది. కూతలు మాత్రం ఎంతటివారినైనా భ్రమింపజేసేటంత దగ్గర. రెండూ చెట్టులో తొర్ర తొలిచి గూడు చేసుకొంటాయి. పనికిరాదని మనం కొట్టించే ఎండుకొమ్మే వాటికి ఇల్లు. అవి తిన్న పండ్ల గింజలు ఎక్కడెక్కడో పడి మొలకెత్తుతాయి.

మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ వద్ద, ఉదయం విన్న ఆ నలుగురి ఎదుటనే, పొరపాటు నాదేనని చెప్పాను. వాడు తలెత్తకుండా అన్నం తింటూనే ఉన్నాడు.

మదనపల్లె చేరిన మర్నాడు ఇద్దరం మామిడితోటకు వెళ్ళాము. చాలాసేపటికి గాని పిట్ట కనబడలేదు. కంటిచుట్టూ పసుపు. వాడు నా వైపు చూశాడు, ఏమీ అనలేదు.